నాడి కొసన

మా తమ్ముడు పరాయి రాష్ట్రంలోని జోల్వాలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. కిందటి చలికాలంలో వాడికి కూర్చుంటే లేవడం కష్టమైంది. పట్టుకుని లేపితే మొదట కాళ్లు తేలిపోయేవి. నాలుగడుగులు వేశాక బలం వచ్చేది. తోటివాళ్లకు అదో వేడుక.

"స్టార్టింగ్ ట్రబుల్ వచ్చిండు, జర ధక్కా కొట్టుండ్రి!" అనేవారు. మగ్గాల యజమాని సేఠ్ మాత్రం నవ్వలేదు. తనంతట తాను లేచేదాకా పనిలోకి రావద్దన్నాడు.

నేను తీసుకెళ్తే నరాల డాక్టరు తన రెండు వేళ్లిచ్చి పిండమన్నాడు. మొదటి పట్టు పసిపిల్లల పట్టులా ఉంది. అలాగే పట్టి ఉంచమంటే కాసేపటికి బిగిసింది. పరీక్షలయ్యాక, ఈ జబ్బు వెనక ఒక్కోసారి ఉండే గడ్డలేవీ ఛాతీలో లేవని తేలాక, డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి హిందీలో వివరించాడు. తమ్ముడికి హిందీ వచ్చినా భయంతో చెవికెక్కలేదు. నేను తెలుగులో చెప్పాను.

"తప్పు నాడి కొసల ఉందట."

"నాడె కొస అరిగిందా? మార్చుమను అన్నా."

మగ్గంలో అటూ ఇటూ పోగు మోసే నాడె అనుకున్నాడు వాడు. నాకు నవ్వొచ్చింది. కానీ బొమ్మలోనూ అలాంటిదే ఉంది. నరం వెంట వచ్చిన కరెంటు కండలోకి దూకదట. మధ్యన సందు ఉంది. కరెంటు కొసకు చేరగానే అక్కడి పొరలో తలుపులు తెరుచుకుంటాయి. బయట కాచుకున్న కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. దాంతో రసాయనం నింపుకున్న చిన్న సంచులు పొరకు అతుక్కుని సందులోకి ఒలికిపోతాయి. నాడెలా అది సందు దాటి అందితేనే కండ బిగుస్తుంది. తమ్ముడి ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున ఆ తలుపులను పాడుచేస్తోంది. మళ్లీ మళ్లీ కదిలిస్తే లోపల కాల్షియం కొంచెం కొంచెంగా పోగవుతుంది. నాలుగడుగుల తర్వాత వచ్చే బలం అదే.

"కాల్షియమంటే సున్నమే గద? పాన్‌ల జర ఎక్కువ రాసుకుంట."

"నోరు పొక్కుతది రా. సున్నం నిండ ఉంది, దర్వాజలే తెరుసుకుంటలేవు."

డాక్టరు రాసిన మాత్ర తలుపులను బాగుచేయదు. కొసన కరెంటును మరికాస్త నిలబెడుతుంది. మిగిలిన తలుపులు ఆ కాస్తసేపు తెరిచి ఉంటాయి.

ఆ సాయంత్రం ఇదంతా డైరీలో రాస్తూ మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ప్రతి అక్షరానికీ ఈ వేళ్లలో ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో! నాకు తెలియకుండా, నన్ను అడగకుండా.

మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకు, ఒక ఉదయం లేపుదామని చేయి చాచాను. తమ్ముడు వద్దన్నాడు. అరచేతులు నేలకు ఆన్చాడు. తనంతట తానే లేచి నిలబడ్డాడు.

"నాడె ఉరుకుతున్నది అన్నా," అని టిఫిన్ డబ్బా అందుకున్నాడు.