పోర్పాయిస్ మాంసం వద్దన్న రోజు

నిన్న అరోరా ఊళ్లో మిత్రుల ఇంట్లో భోజనాలప్పుడు గారెలు వడ్డించబోతే అలవాటుగా "వద్దమ్మా" అన్నాను. "ఊరుకోండి అంకుల్, మీ వద్దు మాకు తెలీదా!" అంటూ ఆ ఇంటి కోడలు రెండు వేసి పోయింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం అలాస్కా ఉత్తర తీరంలో నా మాటను మాటగానే తీసుకున్న ఓ ముసలావిడ గుర్తొచ్చింది.

ఏళ్ల కిందట ఆ తీరపు పల్లెలో నా ఉద్యోగం పోర్పాయిస్‌ల గురించి. డాల్ఫిన్‌కి చుట్టమే కానీ గంతులేసే రకం కాదు. పడవ చప్పుడైతే చాలు, మాయం. అందుకే ఆర్కిటిక్ నీళ్లలో అవి పెరుగుతున్నాయో తరుగుతున్నాయో చెప్పడం కష్టం. వేటలో దొరికినవాటి పళ్లు చూసి వయసు, కడుపు చూసి తిండి తెలుసుకునేవాళ్లం. వేట అక్కడివాళ్లకి తరతరాల బతుకు; వాళ్లు మనసుపడి ఇస్తేనే మాకు పని. ఓ వేసవిలో మా పక్కింటి ముసలావిడ సాల్మన్ చేపల వలలో ఓ పోర్పాయిస్ పడింది. నేనావిడని పెద్దమ్మా అనేవాణ్ణి. తన భాషలో ఆవిడా నన్నేదో అనేది, తిట్టు కాదనే నా నమ్మకం. కోసి ఊరంతా పంచుతూ, ఉడికించిన మాంసం నా గుమ్మంలోకి తెచ్చింది. నాకూ తినాలనే ఉంది. కానీ బతిమాలుతుంది కదా అని, మర్యాదకి "వద్దండీ, మీరుంచుకోండి" అన్నాను. తలూపి, గిన్నెతో సహా వెళ్లిపోయింది. మర్నాడు నేను సిగ్గులేకుండా వెళ్లి పళ్లూ కడుపూ అడిగాను.

"మాంసం వద్దు, కడుపు కావాలా?" అంది. గదిలో ఆవిడతో ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అది మన తిండి కోసం తానై వచ్చింది. వద్దంటే దాన్నే పొమ్మన్నట్టు."

ఆ ఏడు ఆ ఇంటినుంచి నాకేమీ రాలేదు. మా మర్యాద ఆవిడకి అర్థం కాలేదని చలికాలమంతా సణుక్కున్నాను. ఆవిడ మర్యాద నాకు అర్థమైందా అని ఒక్కసారీ అనుకోలేదు. మరుసటి వేసవి మళ్లీ వలలో ఒకటి పడిందని తెలిసి, నమూనాల సీసాలూ చేతి తొడుగులూ లేకుండా ఉత్త చేతులతో వెళ్లాను. "పెద్దమ్మా, ఆకలేస్తోంది," అన్నాను. ఆవిడ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, పసిపిల్లాడికి కోసినట్టు చిన్న ముక్కలు కోసి పెట్టింది. నల్లటి మాంసం, సముద్రం వాసన. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇక నీ కడుపు పట్టుకెళ్లు," అని అప్పుడు నవ్వింది.

రెండోసారి తానై తేకపోయినా, వెళ్లి అడిగితే పెట్టింది మహాతల్లి. మొహమాటానికి వద్దని పోగొట్టుకున్న రోజులు నాకు ఇంకా చాలా ఉన్నాయి. వాటినీ వెళ్లి అడుగుదామంటే, కాలం ఇల్లెక్కడో తెలియదు.