దిగులు మాత్రనుకుని మానేశాను

ఆ రోజు కంపెనీలో అట్టపెట్టె ఎత్తుతుంటే తుమ్ము వచ్చింది. తుమ్ముతోపాటే మూత్రమూ పడింది. నాకు నలభై నాలుగేళ్లు. తిరువళ్లూరు దగ్గర ప్యాకింగ్ సెక్షన్‌లో పని. ఆ తర్వాత దగ్గినా, మెట్లెక్కినా అదే. తిరుత్తణి రైల్లో పక్కనామె లేచి వేరేచోట కూర్చుంటే, నా వాసనకే లేచిందనుకునేదాన్ని. ఎవరు నవ్వినా నా గురించేననిపించేది.

ఏడు నెలలు దాచాను. చివరికి మా ఆయన కనిపెట్టి తిరువళ్లూరులో ఒక లేడీ డాక్టరుకు చూపించాడు. యూరిన్ కల్చర్‌లో, స్కాన్‌లో ఏమీ లేదు. మూత్రసంచి పనితీరు చూసే యూరోడైనమిక్ టెస్టు చేసి, "స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్" అంది, మూత్రం ఆగకపోవడమట. నేను చీర సర్దుకుని వచ్చేసరికి ఆయన డాక్టరుతో మెల్లగా ఏదో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

కండరాలు బిగించే ఎక్సర్‌సైజులు, డులాక్సిటిన్ అనే మాత్ర రాశారు. మొదట్లో ఒకటే వికారం. తర్వాత తడవడం తగ్గింది. రెండో నెల మాత్రలు కొంటుంటే మందుల షాపాయన, "ఇది డిప్రెషన్‌కు ఇచ్చేది గదక్కా, ఎవరికి?" అన్నాడు.

స్ట్రెస్ అంటే ఇదా అనుకున్నాను. నాకు మతి సరిగా లేదని మా ఆయనే డాక్టరుకు చాటుగా చెప్పి ఉంటాడు. ఆ రోజే మాత్ర మానేశాను. ఆయనకు చెప్పలేదు.

మూడో రోజు కళ్లు తిరిగి, తలలో కరెంటు జిల్లుమన్నట్టయి వంటింట్లో కూలబడ్డాను. ఆయన లేపుతుంటే అడిగేశాను.

"ఆ పొద్దు డాక్టరమ్మకు ఏం చెప్పినావు? నాకు పిచ్చనా?"

ఆయన నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. "పాప కాన్పుకు నిన్ను లేటుగా ఆస్పత్రికి తీసకపోయినా గదా. ఇది దానివల్లేనా అని అడిగినా. నీ ముందర అడిగేకి నోరు రాలా."

మాత్ర మానేసిన సంగతి అప్పుడు చెప్పాను. మర్నాడు తీసుకెళితే డాక్టరు కోప్పడింది. "మాత్ర అట్ల సడన్‌గా ఆపకూడదమ్మా. ఈ మాత్ర పెంచే సెరటోనిన్ అనే రసాయనం మనసుకు మాత్రమే కాదు. వెన్నుపాములో కూడా దాన్ని అందుకునే రిసెప్టర్లు ఉండాయి. అక్కడ అది ఎక్కువసేపు నిలిస్తే, మూత్రం దారి మూసే కండరానికి బలం వస్తుంది. నీ జబ్బులో స్ట్రెస్ అంటే దిగులు కాదు, దగ్గినప్పుడు కడుపులోంచి పడే ఒత్తిడి."

"లేటు వల్లేనా మేడం?" అన్నాడు ఆయన.

"కాన్పులు ఒక కారణం కావచ్చు. లేటు వల్లేనని ఎవరూ చెప్పలేరు."

అయినా నాకు నమ్మకం కుదరలేదు. మాత్ర దేనికో చీటీలో రాసివ్వమన్నాను. నవ్వకుండా రాసిచ్చింది.

మళ్లీ తక్కువ డోసుతో మొదలుపెట్టి, కొన్ని నెలల తర్వాత డాక్టరే మెల్లగా తగ్గించి ఆపింది. ఎక్సర్‌సైజులు మానలేదు. గట్టిగా తుమ్మితే ఇప్పటికీ రెండు చుక్కలు పడతాయి. పనికి మాత్రం పోతున్నాను.

మీకు రాసిన మాత్ర మీద అనుమానం వస్తే, మానేసే ముందు డాక్టరునే అడగండి: "ఇది నాకు దేనికి?"