ఎండ తగలని పెట్టె

ఆరేళ్లుగా నా దగ్గర బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటుంది. దాని బరువు నాకొక్కడికే తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను రాయపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల స్టోరు చూసేవాడిని. ఏ మందు ఏ అరలో, ఎంత చల్లదనంలో ఉండాలో కంఠతా వచ్చు. సుధీర్ నాకన్నా మూడేళ్లు చిన్న. మాలాగే రైల్వే కాలనీ తెలుగువాడు. డాక్టర్ల వెంట వార్డుల్లో తిరుగుతూ మోతాదులు సరిచూసేవాడు. డాక్టర్లు అతన్ని పేరుపెట్టి పిలిచేవారు. నన్ను ‘స్టోర్‌వాలా’ అనేవారు. మా అమ్మ కూడా చేపల పులుసు వండిన రోజు అతనికొక డబ్బా నా చేతికే ఇచ్చి పంపేది.

ఆ వేసవిలో ఆరంగ్ నుంచి ఐదు నెలల పాపను తెచ్చారు. పేగు చాలావరకు తీసేయడంతో ఆహారమంతా రక్తనాళం గుండానే. వారాల తరబడి సోయా నూనె కొవ్వు ఎక్కించేసరికి కాలేయం దెబ్బతిని ఒళ్లు పచ్చబడింది. చేపనూనెతో చేసిన కొవ్వు మందుకు మారిస్తే అలాంటి పిల్లలు కొందరు తేరుకుంటారు. ఈ సంగతి సుధీర్ కన్నా ముందే నేను చదివాను. నోట్‌బుక్‌లో రాసి కింద గీత కూడా గీసుకున్నాను. స్టోర్‌వాలా మాట ఎవరు వింటారని ఊరుకున్నాను. అతను చెప్పాడు. పెద్ద డాక్టరు అందరి ముందూ అతని భుజం తట్టారు. అది నాకు రావలసిందనిపించింది. నోరు విప్పనివాడికి ఏం రావాలి?

సీసాలు ముంబై నుంచి వచ్చాయి. మండుటెండల్లో వచ్చిన మందు దారిలో వేడెక్కలేదని తేలేదాకా ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పెట్టాలి. ఆ నియమం రాసింది నేనే. పెట్టెలో వేడిమిని నమోదుచేసే బిళ్ల ఉంది. కంప్యూటరుకు తగిలించి చూశాను. ఈ మందుకు ఇరవై అయిదు డిగ్రీల దాకా ఫర్వాలేదు; ఎక్కడా ఇరవై నాలుగు దాటలేదు. బిళ్లను జేబులో వేసుకుని, పెట్టెకు ఎర్ర స్టిక్కరు అంటించాను. బిళ్ల రాలేదని, మందు చెడలేదని రాసివ్వమని కంపెనీని ఉత్తరం అడిగానని చెప్పాను. అడగలేదు.

ఒక్క రోజే అనుకున్నాను. అతని ముఖం వాడిపోతే చూడాలనుకున్నాను. మర్నాడు బిళ్ల బయటపెడితే నిన్నంతా ఎక్కడుందని అడుగుతారు కదా అని భయపడ్డాను, ఆ భయం నిజమే, కానీ ఆ భయం చాటున ఇంకొన్నాళ్లు చూడాలన్న కోరిక లేదని ఇప్పుడైనా ప్రమాణం చేయగలనా?

ఆరో రోజు సుధీర్ స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు.

“అన్నా, పాప కళ్లు చూశావా? హల్దీ లాగ పచ్చగున్నాయి. నీ చిట్ఠీ ఎప్పుడొస్తుంది?”

“రూలు రూలేరా. పాడైన మందు ఎక్కించమంటావా?”

“అమ్మో, నీతో ఎవడు వాదిస్తాడు. కుక్కర్ విజిళ్లు కూడా రాసి పెట్టుకుంటావంట, మీ అమ్మగారే చెప్పారు.” నవ్వాడు. “నువ్వు చూస్తున్నావంటే బేఫికర్ అన్నా. నీ అంత జాగ్రత్త నాకు లేదు.”

బిళ్ల నా జేబులోనే ఉంది.

పదో రోజు తండ్రి ఇక ఆశ లేదని, సొంత బాధ్యత మీద సంతకం పెట్టి పాపను ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు స్టిక్కరు పీకేసి, ఉత్తరం వచ్చిందన్నాను. ఎవరూ చూపించమనలేదు. వారం తిరక్కుండానే సుధీర్ ఆరంగ్‌కు ఫోన్ చేశాడు. పాప పోయింది. తాను ముందే చెప్పి ఉండాల్సిందని నా ఎదుట కూర్చుని ఏడ్చాడు. మంచినీళ్లిచ్చాను. అతను ఏడుస్తుంటే నా లోపల ఏదో చల్లబడింది. అన్నిటికన్నా చెప్పలేకపోయింది ఇదే.

ఆ పది రోజులు పాపను నిలబెట్టేవా? తెలియదు. నిలబెట్టేవని, నిలబెట్టేవి కావని కారణాలు రెండు వరసల్లో ఎన్నోసార్లు రాశాను. ఏ వరసా నన్ను వదల్లేదు.

సుధీర్ ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. అతనికి చెప్పలేదు. పెట్టె వచ్చిన రోజు రిజిస్టరులో రాయాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

చేపనూనె కొవ్వు మందు, పది సీసాలు. బిళ్ల అందింది. మందు బాగుంది. ఈ రోజే పాపకు ఇవ్వవచ్చు.