అమ్మ చూడని ఎల్లమ్మ

మా చిన్నప్పుడు... నాచారంలో మా రేకుల ఇంట్లో చింతగింజల జిగురు ఉడుకుతోందంటే, బాపు మళ్లీ బొమ్మ పట్టాడని బస్తీ అంతటికీ తెలిసిపోయేది. పక్కింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకునేది...

బాపుకి పగలంతా ఫ్యాక్టరీలో మిషన్ పని. పుట్టింది మాత్రం జనగామ వైపు, చెక్క బొమ్మలు చెక్కి రంగులేసే నకాషీ ఇంట్లో. డ్యూటీ దిగి, చాయ్ తాగి, ఉలి పట్టుకున్నాడంటే ఇక మేమెవరమూ కనిపించేవాళ్లం కాదు.

చెక్కడం బాపుది. గింజలు నానబెట్టి, రుబ్బి, చెక్కకు పట్టించే జిగురు కాచేది అమ్మ. రంగులకు ముందు వేసే తెల్ల సుద్ద పూతలు కూడా ఆమెవే. "నేను తెల్లగ జేస్తేనే గద, మీ బాపు రంగులు కనవడేది" అని గొప్పలు పోయేది.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, మా ఇంటి పాత చెక్క ఎల్లమ్మకు చెదలు పట్టాయి. బోనాల లోపు కొత్తది చెయ్యాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. అప్పటికే కిడ్నీలు పాడై ఆమె దవాఖానా చుట్టూ తిరుగుతోంది. అయినా సుద్ద పని ఎవరినీ ముట్టనివ్వలేదు. గోడకు ఆనుకుని, ఆయాసపడుతూ మూడు పూతలూ తానే వేసింది.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది... మొహానికి రంగు పడ్డాక, కళ్లు దిద్దేదాకా అమ్మవారిని బాపు తప్ప ఎవరూ చూడకూడదు. పైన ఎర్ర గుడ్డ కప్పి ఉంచేవాడు. కళ్లు దిద్దేది ఆదివారం పొద్దున, తలస్నానం చేసి, పరగడుపున.

శుక్రవారానికి రంగులన్నీ అయిపోయాయి, కళ్లు ఒక్కటే మిగిలాయి. శనివారం బాపు డ్యూటీకి వెళ్లాక, మంచంలో ఉన్న అమ్మ నన్ను పిలిచింది.

"బిడ్డా... జర ఆ గుడ్డ తియ్యి. ఒక్కపారి సూస్త."

"వద్దమ్మా! బాపు కొడ్తడు. సూస్తే కండ్లు పోతయంట."

"నాకింక ఏం పోతయే..." అని నవ్వింది. మళ్లీ, "ముక్కుపుడకకు ఏం రంగేసిండో... గదన్న సూసి జెప్పు" అంది.

"రేపు పొద్దుగాల సూద్దువుగని" అని పెద్ద ఆరిందాలా చెప్పి, ఆడుకోవడానికి వెళ్లిపోయాను. ఎంత మొండిదాన్నో...

మధ్యాహ్నానికి అమ్మకు స్పృహ తప్పింది. ఆటోలో తీసుకెళ్తుంటే ఉప్పల్ చౌరస్తా దాటకముందే పోయింది.

మైల అని ఏడాదంతా ఎల్లమ్మ గుడ్డ కిందే ఉంది. సంవత్సరీకం అయ్యాక బాపు కళ్లు దిద్దాడు. అమ్మవారి తొలి చూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పట్టాలి. ఆ రోజు అద్దం పట్టింది నేనే. ముక్కుపుడకకు ఎర్రరాయి... అచ్చం అమ్మ పెట్టుకునే దానిలాంటిదే. అద్దం పక్కన పెట్టి, బయటికి వెళ్లి గట్టిగా ఏడ్చాను.

ఆ శనివారం సంగతి బాపుకి చెప్పే ధైర్యం మాత్రం చాలా ఏళ్లు రాలేదు. తెలంగాణ వచ్చిన ఏడు, ఓ సాయంత్రం చెప్పేశాను. మంచి పనే చేశావంటాడని లోపల చిన్న ఆశ.

"తియ్యకపోతివి బిడ్డా..." అన్నాడు బాపు. "నేనేమన్న అంటుంటినా? ఆమె సుద్ద వూసిన మొకమే గద అది."

ఇప్పుడు రోడ్డు పక్క దుకాణాల్లో ఫైబర్ అమ్మవార్లు కళ్లు తెరుచుకుని వరసగా నిలబడి ఉంటున్నారు. కప్పే గుడ్డ లేదు, ఆగాల్సిన ఆదివారం లేదు. ఎవరైనా, ఎప్పుడైనా చూసుకోవచ్చు. చెక్క పని పోయిందని అందరూ బాధపడతారు, నేనూ పడతాను. కానీ ఆ దుకాణాల ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా, అమ్మ ఈ రోజుల్లో ఉన్నా బాగుండేదనిపిస్తుంది...

మీలో ఎవరైనా ఇలా "రేపు చూద్దువుగాని" అని ఉంటే కింద రాయండి. అన్నది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే, కాస్త నిద్ర పడుతుందేమో...