హోషిమ్ బాబాయి కిటికీ చూపులు

హోషిమ్ బాబాయి నీటిమొక్కల్ని అమ్మడు, కాపురానికి పంపుతాడు. తాష్కెంట్‌లో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లని ఎవరినడిగినా ఇదే చెబుతారు. తొట్టి ఎంత, నీళ్లు ఎక్కడివి, కిటికీ ఏ దిక్కు, గాజు మీద టపటపా కొట్టే పిల్లలున్నారా? ఇవన్నీ విచారించి, ఇల్లు చూసి, మనసు కుదిరితేనే ఆయన సీసాలోంచి ఒక్క కాడ బయటికొస్తుంది.

ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపేవాడు. ఊళ్లో ట్రాలీబస్సులు ఆగిపోయాక ఇంట్లో ఉన్న సీసాలూ, జాడీలూ, ఆఖరికి స్నానాలతొట్టి కూడా నీటిమొక్కలతో నింపేశాడు.

"మరి స్నానం ఎక్కడ బాబాయ్?" అని అడిగాను.

"మా బావమరిది ఇంట్లో. పాపం, వాడి తొట్టి ఖాళీగా పడుంది."

ఆదివారాలు పిట్టల బజారులో ఆయన పక్కన కూర్చుని వినడం నాకొక సరదా. ఒకసారి పెద్ద కారులో ఒకాయన వచ్చి ఎర్రాకుల మొక్క మీద మనసు పారేసుకున్నాడు.

"పిల్ల ఎర్రగా బుర్రగా ఉంది, నిజమే. మీ ఇంట్లో దీపం మాటేమిటి?" అన్నాడు బాబాయి.

"ఏదో చిన్న బల్బు ఉంది."

"అయితే ఆ ఎరుపు దిగిపోతుంది, తర్వాత ఒళ్లంతా పాచి పడుతుంది. నా పిల్లని చీకటింటికి ఇవ్వను."

"డబ్బు ఎంతైనా ఇస్తానయ్యా!"

"ఆ డబ్బుతో మంచి దీపం కొనుక్కో. తర్వాత మాట్లాడుకుందాం."

అలాంటి మనిషిని మా అక్క మస్తూరా ఇంటికి పిలిచింది. ఎందుకు పిలిచిందో చెప్పాలంటే మా ఇంటి పరువు సంగతి చెప్పాలి. మా దగ్గర సంబంధం అడగడానికి వచ్చే ఆడవాళ్లు రొట్టెలు మూటగట్టి తెస్తారు. పిల్ల తరఫువాళ్లు ఆ రొట్టె విరిస్తే మాట ఖాయమైనట్టు, విరవకుండా తిప్పి ఇచ్చేస్తే మర్యాదగా కాదన్నట్టు. నిరుడు అక్క విషయంలో రొట్టె విరిచారు. ఆ తర్వాత మగపెళ్లివారు, "కోడలు కట్టుడుపళ్లు చేసే ఉద్యోగం మానెయ్యాలి" అన్నారు. "పళ్లు మానను, పెళ్లే మానేస్తాను" అంది అక్క. అనడమే కాదు, మానేసింది.

"విరిచిన రొట్టెకి అతుకు వేసినవాళ్లున్నారా? ఆ గుమ్మం ఇంకెవరూ తొక్కరు" అని పక్కింటి షరాఫత్ పిన్ని వీధంతా చాటింది. ఆవిడన్నట్టే ఎవరూ తొక్కలేదు. అక్క హాయిగానే ఉంది, నలిగిపోయింది అమ్మ. నెలనెలా ఆడవాళ్లంతా ఒక ఇంట్లో చేరి పలావు తిని కబుర్లాడుకునే కూటానికి వెళ్లడం మానేసింది. అడిగితే మోకాళ్ల నొప్పులంది. ఆ మోకాళ్లతోనే బజారు నుంచి గుమ్మడికాయలు మోసుకొచ్చేది.

అక్క రొట్టెల పళ్లెమంత చిన్న గాజుతొట్టి కొని, చింగాన్ కొండల్లా రాళ్లు పేర్చి, మొక్కల కోసం బాబాయికి కబురు పెట్టింది.

ఆయన పొద్దున్నే వచ్చాడు. వీధిలో ఆడవాళ్లంతా ఎవరి గుమ్మం ముందు వాళ్లు నీళ్లు చల్లి ఊడ్చుకునే వేళ. ఒక్కడే రాలేదు. పట్టు గౌనులో భార్య కరోమత్ పిన్ని, మరో పట్టు గౌనులో ఆవిడ చెల్లెలు, వాళ్ల చేతిలో పూలగుడ్డలో కట్టిన రొట్టెలు. వీధి మొదట్లో బస్సు దిగి, అందరినీ పేరుపేరునా పలకరిస్తూ నడిచొచ్చారు.

"ఒక్క కిటికీ చూడ్డానికి ముగ్గురెందుకు బాబాయ్?" అన్నాను.

"వెలుతురు సంగతి ఆడవాళ్లకే బాగా తెలుస్తుంది. నువ్వు ఊరుకో."

అక్క నవ్వాపుకుంటూ మా ఆచారం ప్రకారం గిన్నెల్లో సగం సగం టీ పోసింది. అమ్మ మర్యాదకి మూట విప్పి రొట్టె అందుకోబోయింది.

"ఆగు వదినా!" బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఏ మొక్కో ఇంకా తేలలేదు. అప్పుడే విరవకూడదు."

తర్వాత తొట్టి చుట్టూ తిరిగాడు. "ఈ పొడుగాటి గడ్డిమొక్క వద్దు. ఇంత గదిలో అంత మనిషి, రెండో వారానికే పైన మడతపడి కిందవాళ్లకి నీడ కమ్మేస్తుంది. ఈ ముడతాకుల పిల్ల మంచిదే గానీ ఇల్లు మారితే అలుగుతుంది, ఆకులన్నీ కరిగించేసుకుంటుంది. ఓపిక పడితే కొత్తవి వేస్తుంది. ఓపిక ఉందా మీకు?"

"లేదు" అంది అమ్మ.

"అయితే ఇంకోసారి వస్తాం" అని రొట్టెల మూట కట్టించి పట్టుకుపోయాడు. తెచ్చిన రొట్టెలు తిరిగి పట్టుకుపోయే మనిషిని నేనెక్కడా చూడలేదు.

"పిసినారి ముండాకొడుకు!" అంది అమ్మ తలుపేస్తూ. "నా టీ తాగాడు, నా బాదంపప్పు తిన్నాడు, రొట్టె ముక్క వదల్లేదు!"

అన్నట్టే మళ్లీ వచ్చాడు, పట్టు గౌన్లతో, రొట్టెలతో, సరిగ్గా ఊడ్చే వేళకే. వెలుతురు అప్పుడే నిజం చెబుతుందట. మళ్లీ మూట వెనక్కి. ఆ పైన ఇంకోసారి. ఇసక మీద పరుచుకునే గడ్డి వద్దన్నాడు, దానికి గాలిబుడగలు పట్టాలట. చకచకా పెరిగేది వద్దన్నాడు, వారంవారం క్షవరం చెయ్యాలట.

షరాఫత్ పిన్ని చీపురు గడ్డం కింద ఆనించి అడిగింది. "ఏం వదినా, ఎవరి అబ్బాయి తరఫున?"

"అబ్బాయి లేడు, పాడూ లేదు. చేపల తొట్టికి మొక్క చూస్తున్నాడు."

"చేపల తొట్టికి పట్టు గౌన్లా! చెప్పకపోతే మానెయ్. రొట్టెలు విరక్కుండానే తిరిగెళ్లాయి, చూశాంలే. హోషిమ్ పనిచేసిన బస్సు డిపో పెద్దాయన కొడుకునా మీరు కాదంది?"

అమ్మ నోరు తెరిచింది. ఏమనుకుందో, మళ్లీ మూసేసింది. ఆ తర్వాత బాబాయి వచ్చే రోజుల్లో మా గేటు రెండు రెక్కలూ తెరిచే ఉండేవి.

ఆ ఆదివారం బజారులో చేపలమ్మే గెన్నాడీతో నా బాధ వెళ్లబోసుకున్నాను. "బాబాయి మా తొట్టి సంగతి తేల్చడు. మీ ఇంటికీ ఇలాగే పెళ్లాన్నీ, మరదల్నీ, రొట్టెల్నీ వేసుకుని తిరిగాడా?"

"రొట్టెలేమిటి? సైకిల్ మీద వచ్చాడు. కిటికీలోంచి తొంగిచూశాడు. మొక్క ఇచ్చి, టీ కూడా తాగకుండా పోయాడు."

ఈలోగా ఎవరో అమ్మాయి వచ్చి, తొట్టి చిన్నది, కిటికీ ఉత్తరానికి అంది. బాబాయి తల కూడా ఎత్తలేదు. "సాయంత్రం వచ్చి గుమ్మం చూస్తాను. నీకు ఈ దళసరి ఆకుల అనుబియాస్ మొక్కే. మొదలు ఇసకలో పూడిస్తే కుళ్లిపోతుంది, దారంతో రాయికి కట్టు. వెనకాల నాచు. అంతే" అన్నాడు.

మా తొట్టీ చిన్నదే. మా కిటికీ కూడా ఉత్తరానికే.

ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. "మా కిటికీలో అంత తేలనిదేముంది బాబాయ్?"

"మీ కిటికీ చాలా చిక్కైనది" అన్నాడు సీసాలు తుడుస్తూ. "మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

మోకాళ్లకేం, ఆ నెల కూటానికి అట్లాస్ పట్టు గౌను వేసుకుని మరీ వెళ్లాయి. అక్కడ ఎవరో "ఇన్ని సంబంధాలు వస్తున్నాయటగా?" అంటే, అమ్మ పలావులో మాంసం ముక్క ఏరుకుంటూ, "వస్తుంటాయి. మాకే ఏదీ నచ్చడం లేదు" అందట. చెప్పింది అక్కే, పొట్ట పట్టుకుని నవ్వుతూ. బాబాయికి కబురు పెట్టిన రోజే ఈ నాటకమంతా తనూ ఆయనా మాట్లాడుకున్నారని కూడా అప్పుడే చెప్పింది.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తున్న అమ్మ దగ్గరికి షరాఫత్ పిన్ని వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించింది.

"వదినా, మా చిన్నదాని గదిలోకి ఒక గాజుతొట్టి కొన్నాను. దానికీ ఏడాదిగా ఎవరూ... సరే, అదలా ఉంచు. మీ హోషిమ్‌ని ఒకసారి మా కిటికీ చూడమంటావా? భార్యతో రావాలి. రొట్టెలు నేనే ఇచ్చి పంపుతాను."

అమ్మ చీపురు నిలబెట్టి, తీరిగ్గా ఆలోచించి జవాబిచ్చింది.

"చెప్పి చూస్తాను. కానీ ముందు మా కిటికీ తేలాలి వదినా, ఇప్పట్లో తేలేలా లేదు."