మిరుగం చేపలకు పోయిన పడవ

దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కోండి, కాళ్లు చాపుకుని కూర్చున్నా తప్పు లేదు. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. కానీ కళ్లతో చూసింది మరచిపోవడం నాకు చేతకాదు. మా అన్నతో పడవలో పోయి, గోదావరి ఒడ్డున ఒక రాత్రి ఉండి, మిరుగానికి చేపలు తెచ్చిన సంగతి చెబుతాను, వినండి.

మాది చేపలు పట్టే ఇల్లు. నేను బొగ్గుబాయిలో పనిచేసే మనిషిని చేసుకుని మంచిర్యాల వైపు కంపెనీ క్వార్టర్లకు వచ్చాను. మా అన్న పుట్టిన ఊరు వదల్లేదు. ఆ ఊరు గోదావరికి అవతల, కరీంనగర్ వైపు. దిగువన కట్ట కట్టిన తర్వాత మా ఊరి ముందు ఏరు పారడం మానేసి చెరువులా నిలబడింది. ఒడ్డు పొలాలు కొన్ని నీళ్ల కిందికి పోయాయి. అయినా మావాళ్లు దాన్ని ఇప్పటికీ గంగ అనే అంటారు.

రెండేళ్ల కింద అన్నకు పక్షవాతం వచ్చింది. వంకరపోయిన మూతి సరైంది, కాలు సరైంది, ఎడమ చెయ్యి మాత్రం సగమే తిరిగి వచ్చింది. అన్నం తినే చెయ్యి కాదు కదా అని చుట్టాలు ఓదార్చారు. చేపలు పట్టేవాడికి ఎడమ చెయ్యి ఎంతో వాళ్లకేం తెలుసు? విసురు వల వేసే మనిషి వలలో సగం ఎడమ మోచేతి మీద వేసుకుంటాడు. అంచు పళ్ల మధ్య పట్టుకుంటాడు. నడుము తిప్పి వదులుతాడు. ఆ మోచెయ్యి సరిగ్గా సమయానికి లేస్తేనే వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడుతుంది. లేకపోతే తడి చీర విసిరినట్టే.

వదిన పడవకు గొలుసు కట్టి తాళం వేసింది. తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉండేది. పడవను తన తమ్ముడికి ఇచ్చేద్దామని ఇంట్లో ఒకటే పోరు. అన్న ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. గడపలో కూర్చుని చినిగిన వలలకు ముడులు వేసేవాడు.

మిరుగం అంటే మీకు తెలిసిందే, మృగశిర కార్తె మొదటి రోజు. ఆ రోజు మా వైపు చేప ఉడకని పొయ్యి ఉండదు. మా ఇంటి నుంచి ఊరికి చేప పోవాలి గానీ మా ఇంటికి బయటి చేప రాకూడదు. అట్లాంటిది అన్న జబ్బుపడిన మరుసటి మిరుగానికి నేనే మంచిర్యాల మార్కెట్‌లో చేపలు కొని పట్టుకుపోయాను. మంచి మనసుతోనే పోయాను. వదిన వండింది. అన్న ఆ గిన్నె వైపు చూడకుండా మామిడికాయ తొక్కు వేసుకుని తిని లేచాడు.

ఈసారి నేను ముందే పోయి వాళ్లింట్లో ఉన్నాను. మిరుగానికి వారం ముందే అన్న నోరు విప్పాడు.

"ఈ యేడు సుత కొన్న చాపనేనా?"

వదిన రొట్టె చేస్తూ తల ఎత్తలేదు. "కొంటే ఏమైతది? మనూరోళ్లందరు కొంటలేరా?"

"వాళ్లు వేరు, మనం వేరు."

"అయితే ఓ మాట చెప్త విను. నీ చెల్లె నీ వెంట రావాలె. ఒక్క రాత్రి. నీ చెయ్యి పని చేస్తుందో లేదో ఆమె సూడాలె, నాకొచ్చి చెప్పాలె. చేస్తే పడవ నీది. చెయ్యకుంటే నా తమ్మునిది. మళ్ల నువ్వు మూతి ముడుచుకోవద్దు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇద్దరి మధ్యా నన్ను తూకం రాయిలా పెట్టారన్నమాట. కాదంటే అన్నకు ఆ ఒక్క రాత్రి కూడా ఉండదు. సరేనన్నాను.

మిరుగానికి ముందురోజు మధ్యాహ్నం బయలుదేరాం. బియ్యం, కారం, చింతపండు, నాలుగు జొన్నరొట్టెలు, ఒక గిన్నె, వాన వస్తే కప్పుకోవడానికి పరదా. వదిన ఒడ్డు దాకా వచ్చి తాళం తీసింది.

"ఫోన్ మర్వలేదు గదా?" అని నన్ను అడిగింది.

"గంగల సిగ్నల్ ఉంటదా వదినె?"

"లేకుంటే నీ గొంతున్నది గదా. ఆదిలాబాద్ గుట్టల దాకా ఇనవడ్తది."

అన్న నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

తెడ్డు నేనే వేశాను. చిన్నప్పుడు బాపు నేర్పిన పని, భుజం మరచిపోలేదు గానీ నడుము గుర్తుచేసింది. ఊరికి ఎగువన వాగు వచ్చి కలిసే మూల ఉంది. పొద్దుగుంకేటప్పుడు, మళ్లీ తెల్లవారేటప్పుడు చేప అక్కడికే వస్తుంది. అందుకే రాత్రి అక్కడే ఉండాలి. మేం చేరేసరికి ఎండ పచ్చబడింది. కొంగలు నీళ్లలో కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఒడ్డున మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటించాను. అన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి వల సర్దుకున్నాడు. మోచేతి మీద వేసుకున్నాడు, అంచు పళ్ల మధ్య పట్టుకున్నాడు, నడుము తిప్పాడు. వల ముద్దగా పడింది. లాగి, దులిపి, మళ్లీ వేశాడు. ఈసారి సగం విచ్చుకుని సగం చుట్టుకుపోయింది. మూడోసారి అంచు వదలడం ఆలస్యమై వలతో పాటు తనూ ముందుకు తూలాడు. నిలదొక్కుకున్నాడు.

"గాలున్నది చెల్లె," అన్నాడు, నా వైపు చూడకుండానే.

"ఉన్నది అన్నా," అన్నాను.

నా పొయ్యి పొగ నిట్టనిలువుగా పైకి పోతోంది.

ఆయన వల మడిచి పడవలో పెట్టి, గాలం వేసుకుని కూర్చున్నాడు. కూరకు సరిపడా జెల్ల చేపలు పడ్డాయి. చింతపండు పులుసులో వేసి దించాక, చీకటి పడకముందే నిలువు వల కట్టడానికి మళ్లీ పడవెక్కాం. నిలువు వల అంటే విసరనక్కర్లేనిది. నీళ్లలో గోడలా నిలబెట్టి వదిలేసి వస్తే, రాత్రి పోయే చేప దానిలో చిక్కుతుంది. పైన తేలడానికి ఖాళీ నీళ్ల సీసాలు కడతాం.

"ఇటు దిప్పు. ఇంకా. ఆగు ఆగు. మన కిందిచెల్క గట్టు గీడనే ఉండె," అన్నాడు. "గట్టు పొంటి పోతది చాప. మనిషి లెక్కనే, బాట ఇడ్వదు."

నాకు అక్కడ నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయనకు మునిగిన పొలం గట్టుతో సహా కనిపిస్తోంది. ఆ గట్టు వెంట సీసాలు వరుసగా వదిలాం.

ఒడ్డుకు వచ్చాక మేం చేసిన తెలివితక్కువ పని చెబుతాను. మా బాపుకు ఒక కట్టుబాటు ఉండేది. గంగ ఒడ్డున పడుకుంటే పడవ మన తలకంటే ఎత్తులో ఉండాలి. ఎగువన మహారాష్ట్రలో వాన పడితే మనకు మబ్బు కూడా కనిపించకుండానే వరద వస్తుంది, పడవ పోతుంది. మిరుగం రోజులు మరీ నమ్మరానివి. అందుకని అన్న తాడు కుడి భుజాన వేసుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను. పది అడుగులు చాలు కదా అన్నాను. వినలేదు. ఇరవై అడుగులు లాగి, తుమ్మచెట్టుకు కట్టాడు. చెమటలు కారుతుండగా నా వైపు తిరిగాడు.

"సూసినవా? మీ వదినెకు గిది చెప్పు."

ఆ రాత్రి పులుసు వేసుకుని ఇద్దరం కడుపునిండా తిన్నాం. వాన రాలేదు. హాయిగా నిద్రపట్టింది.

పొద్దున లేచి చూస్తే నీళ్లు లేవు. అంటే ఉన్నాయి, దూరంగా ఉన్నాయి. దిగువన గేట్లు ఎత్తారో, మోటార్లతో తోడుకున్నారో తెలియదు, నీళ్లు జానెడు దిగాయి. అది నిటారు ఒడ్డు కాదు, మునిగిన చదును పొలం. జానెడు దిగేసరికి యాభై అడుగుల నల్లరేగడి బురద బయటపడింది. బాపు కాలంలో గంగ వచ్చి పడవను ఎత్తుకుపోయేది. ఈ నీళ్లు పడవను వదిలేసి పోతాయి. ఇద్దరం గంగ ఒడ్డున పుట్టినవాళ్లమే, ఒక్కరికీ తట్టలేదు.

దూరంగా మా సీసాలు తేలుతున్నాయి. ఒకటి మునిగి లేస్తోంది, ఇంకొకటి పక్కకు గుంజుకుపోతోంది. వల నిండా చేప ఉంది. ఎండ ఎక్కితే అది చచ్చి మెత్తబడుతుంది, తాబేళ్లు కొరుకుతాయి. మిరుగం రోజు, మా చేప మా కళ్ల ముందే ఉంది, చేతికి అందదు.

"నేను నడిసి పోయి తెస్త," అన్నాడు అన్న.

"వద్దన్నా."

ఆయన అప్పటికే దిగాడు. పది అడుగులు పోయాడేమో, ఎడమ కాలు తొడ దాకా దిగబడింది. చేతిమీద ఆనుకుందామంటే అది ఆ పాడు చెయ్యి. పక్కకు ఒరిగిపోయాడు. నేను పడవలోని పలక ఒకటి బురద మీద వేసి, దానిమీద బోర్లా పడుకుని తెడ్డు అందించాను. కుడిచేత్తో పట్టుకున్నాడు. నేను లాగుతుంటే మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. ఒడ్డున ఇద్దరం బురద బొమ్మల్లా కూర్చున్నాం. ఆయన రొప్పుతున్నాడు.

సీసాలు ఒక్కొక్కటీ కదలడం మానేస్తున్నాయి.

అప్పుడు వెనక నుంచి బర్రెల గంటలు వినిపించాయి. పక్క ఊరి బర్రెల కాపరి, నడి వయసు మనిషి, కర్ర భుజాన వేసుకుని వచ్చి మమ్మల్ని, పడవను, చెట్టునూ చూశాడు.

"ఏం మామా, పడవకు గడ్డి మేపుతున్నవా?"

"ఔ అల్లుడా. పాలిస్తదేమోనని సూస్తున్న," అన్నాడు అన్న.

కాపరి పగలబడి నవ్వాడు. బర్రెలు మమ్మల్ని దాటి రోజూ పోయే దారిలో నీళ్లకు దిగాయి. అన్న వాటినే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"సూడు చెల్లె. అవి రోజు దిగి దిగి గాడ తొక్కుడు తొక్కి అంబలి జేసినయ్. గా జారుడు మీద పడితే పడవ పోతది. అల్లుడా, జర చెయ్యి వెయ్యి, నీకు రెండు చాపలిస్త."

"మిరుగం నాడు రెండేనా మామా?"

"మూడు తీస్కో, తియ్యి."

ముగ్గురం కలిసి పొడినేల మీదుగా పడవను అడ్డంగా బర్రెల బాట దాకా జరిపాం. అక్కడ ముక్కు నీళ్ల వైపు తిప్పి ఒక్క తోపు తోస్తే, నెయ్యి రాసిన పెనం మీద దోసెలా జర్రున పోయింది. మేమే దాని వెంట పరుగెత్తలేక మొలలోతు రొచ్చులో కాళ్లు ఈడ్చుకుంటూ పోయి ఎక్కాం.

నేను తెడ్డు వేశాను, అన్న కుడిచేత్తో లాగి పళ్లతో పట్టుకుంటూ వల ఎత్తాడు. మూడు చేపలు మెత్తబడ్డాయి. రెండింటికి తాబేలు తోక లేకుండా చేసింది. అవి పోగా మంచి బొచ్చెలు, రవ్వలు ఒక గంపెడు మిగిలాయి. కాపరికి మూడిచ్చి ఇంటిదారి పట్టాం.

దారి పొడుగునా అన్న ఏమీ అడగలేదు. 'చెప్పకు చెల్లె' అంటే నేను చెప్పేదాన్ని కాదు. ఆ మాట అంటాడేమోనని తెడ్డు మెల్లగా వేశాను కూడా. ఆయన చేపల మీద తడి గోనె కప్పుతూ కూర్చున్నాడు.

వదిన ఒడ్డునే నిలబడి ఉంది. మా బురద చూసింది, గంప చూసింది.

"చాపలు సరే. చెయ్యి సంగతి చెప్పు పిల్లా."

నేను అన్న వైపు చూశాను. ఆయన వంగి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"విసురు వల పడ్తలేదు వదినె. మూడుసార్లు ఏసిండు, ఒక్కసారి సుత సక్కగ పడలే. బురదల పడ్డడు సుత. నేను గుంజిన."

ఆమె మొహం రాయిలా అయింది. నేను ఆగలేదు.

"ఇన్ని చాపలు నిలువు వలల పడ్డయ్. ఏడ కట్టాల్నో ఆయనకే ఎరుక. పడవ ఇర్కితే ఎట్ల ఎల్లాల్నో సుత ఆయనకే తట్టింది. ఒక్కన్ని పంపకు వదినె. పక్కన ఇంకొకలుంటె మాత్రం ఆపకు."

అన్న లేచి విసురు వలను పడవలో నుంచి తీశాడు. ఒక చలికాలమంతా కూర్చుని తన చేత్తో అల్లుకున్న వల అది.

"నిజమే చెప్పింది," అన్నాడు. "గిది మీ తమ్మునికియ్యి. పడవ ఉండనియ్యి."

వదిన రెండు చేతులా వల తీసుకుంది. చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడింది. ఆ పూట మా ఇంట్లో మా చేపే ఉడికింది. అన్న ముల్లు ముల్లు చీకి తిన్నాడు, కానీ ఆ విసురు వల ఎప్పుడూ వేలాడే దండెం మీద ఖాళీ అయిన చోటుకు రెండుసార్లు చూపు పోయింది.

పక్కన ఎవరుంటారన్నదే మిగిలింది. నేను వారంలో మా ఇంటికి వచ్చేశాను. తొలకరి పడ్డాక మళ్లీ పోయి చూస్తే అన్న వెనక వల సర్దుతూ పడవను ఊపుతున్నాడు, ముందు వైపు వదిన కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగిన మనిషే గానీ, నీళ్లంటే భయం, ఏనాడూ పడవెక్కలేదు. తెడ్డును పొయ్యిలో కట్టె ఎగదోసినట్టు పొడుస్తోంది.

"మెల్లగయ్యా! నన్ను ముంచి ఇంకోదాన్ని తెచ్చుకుందామనా?"

"గీ చెయ్యి సూసి ఎవ్వతొస్తదే? కూసో సక్కగ. ఇటు దిప్పు."

పడవ అటూ ఇటూ వంకర్లు పోతూ వాగు మూల వైపు సాగింది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇల్లు చల్లగుండాలి. మీ పొయ్యి మీద కూరకు, కుండలో నీళ్లకు ఏనాడూ కరువు రాకూడదు. మీ ఇంట్లో ఎవరి చెయ్యి అలసినా పక్కన ఇంకో చెయ్యి ఉండాలి. పిల్లాపాపలతో నూరేళ్లు బాగుండండి.