వాచీ చెప్పని సంగతి

నలభై ఐదేళ్ల వయసులో నాకు సైకిల్ పిచ్చి పట్టింది. రోజూ ఉదయాన్నే ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు దారిలో ఇరవై కిలోమీటర్లు తొక్కి, చేతి వాచీ చూపిన సైకిల్ వేగం, గుండె వేగం నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో అంకెలు తిరగబడ్డాయి. సైకిల్ వేగం రోజురోజుకూ పడిపోతోంది, గుండె మాత్రం నూట డెబ్బై దాటుతోంది. బడిలో పాఠం చెబుతూ కూడా నాడి పట్టుకుని చూసుకునేవాణ్ణి. అన్నం సహించేది కాదు. చివరికి మా ఆవిడను కూర్చోబెట్టి, ఇన్సూరెన్సు కాగితాలు, బీరువా తాళం ఎక్కడున్నాయో చెప్పేశాను. ఆమె ఏడ్చేసింది.

మర్నాడు కడపలో డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ, సైకిల్ ఇక అమ్మేయమని రిపేరు షాపు మస్తాన్‌కు సంగతంతా చెప్పాను. అతను వెనక చక్రం ఎత్తి తిప్పాడు. అది అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"మీ గుండె సంగతేమో గానీ సార్, సిమెంటు లారీల దుమ్ము గడ్డకట్టి బ్రేకు చక్రాన్ని పట్టుకోనుండాది. ఇన్నాళ్లూ బ్రేకేసుకోని తొక్కుతాండారు!"

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు.

"బీరువా తాళం యాడుండాదో చెప్తిరి గానీ, చక్రం ఒకసారి తిప్పి సూడకపోతిరే!"

నోటుబుక్కు ఇప్పటికీ రాస్తున్నాను. నేను సైకిల్ ఎక్కే ముందు చక్రం తిప్పి చూసేది మాత్రం ఆమే.